వరుస నుంచి వడపోత దాకా: ఉపాధి కార్యాలయం, ఉద్యోగ పోర్టళ్లు – నెల్లూరు సీమ నేపథ్యంలో తులనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

నెల్లూరు పట్టణానికి పడమటి వైపు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, పెన్నా నది ఒడ్డున, ముంబాయి రోడ్డు మీద ఉన్న మండల కేంద్రం సంగం. 19వ శతాబ్దిలో ఇక్కడ కట్టిన ఆనకట్ట వల్లా, దానికి బదులుగా 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన బ్యారేజి వల్లా నీటిపారుదల చరిత్రలో ఈ ఊరి పేరు తరచుగా వినబడుతుంది. ఉద్యోగ నియామకాల చరిత్ర రాసినవారెవరూ ఇటువంటి ఊళ్ల వైపు చూడలేదు. ఆ చరిత్ర ఢిల్లీలోని మంత్రిత్వ శాఖలతోనో, బెంగళూరు, హైదరాబాదుల్లోని కంపెనీలతోనో మొదలై అక్కడే ముగుస్తుంది. పని వెతుక్కుంటూ ఊరు దాటే మనిషి వైపు నుంచి చూస్తే మాత్రం సంగం వంటి చోటే ఆ చరిత్రకు సరైన ఆరంభస్థానం.

ఉద్యోగ పోర్టళ్లను పోల్చే రచనలు సాధారణంగా ఏ పోర్టల్‌లో ఖాళీలు ఎక్కువ, ఎక్కడ రుసుము తక్కువ అన్న లెక్కల దగ్గర ఆగిపోతాయి. కొనుగోలుదారుకు అది అక్కరకు వచ్చే పోలికే. చరిత్ర అడగవలసిన ప్రశ్న వేరు. పని కావలసినవారు వందల్లో ఉండి, పని ఒక్కటే ఉన్నప్పుడు ముందుగా ఎవరి పేరు పిలవాలి? ఉపాధి కల్పన కార్యాలయం ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పింది. పోర్టల్ మరొకటి చెప్పింది. ఈ రెంటికన్నా ముందునుంచీ ఉండి, రెంటినీ దాటి నేటికీ నిలిచిన మేస్త్రీ ఇంకొకటి చెబుతాడు. ఈ మూడు జవాబులనూ నెల్లూరు సీమ అనుభవానికి దగ్గరగా పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎంప్లాయ్‌మెంట్ కార్డు కాలం

ఉపాధి కార్యాలయం ఊహ బ్రిటన్‌లో పుట్టింది. 1909లో అక్కడ లేబర్ ఎక్స్ఛేంజీల చట్టం వచ్చింది. విన్‌స్టన్ చర్చిల్ వాణిజ్య మండలి అధ్యక్షుడుగా, విలియం బెవరిజ్ ఆయనకు తోడుగా నడిపిన ఆ పథకం కింద తొలి కార్యాలయాలు 1910 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి. భారతదేశంలో దాని రాక యుద్ధం ముగింపుతో ముడిపడి ఉంది. సైన్యం నుంచి విడుదలైనవారికి పౌర జీవితంలో చోటు చూపడం కోసం 1945 జూలైలో పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్ ఏర్పడింది. 1947లో దేశ విభజన శరణార్థులకు పని చూపే బాధ్యత కూడా దాని మీద పడింది. 1948 ఆరంభానికి గాని ఈ కార్యాలయాల తలుపులు అన్ని రకాల ఉద్యోగార్థులకూ తెరుచుకోలేదు. అంటే సామాన్య నిరుద్యోగి కోసం కట్టిన ఇల్లు కాదది. సైనికుడి కోసం కట్టిన ఇంట్లోకి సామాన్యుడు ఆ తరువాత ప్రవేశించాడు.

ఈ వ్యవస్థ భవిష్యత్తును పరిశీలించిన బి. శివరావు కమిటీ 1954లో నివేదిక సమర్పించింది. తదనుగుణంగా కార్యాలయాల రోజువారీ పరిపాలన 1956 నవంబరు 1న రాష్ట్ర ప్రభుత్వాలకు బదిలీ అయింది. ఆంధ్రప్రదేశ్ అవతరించింది కూడా ఆ రోజే. కొత్త రాష్ట్రం పుట్టిన నాడే తన నిరుద్యోగుల జాబితాను చేతికి తీసుకున్నదని చెప్పవచ్చు. ఉచిత ప్రభుత్వ ఉపాధి సేవను నిర్దేశించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 88వ ఒడంబడికను భారతదేశం 1959లో ఆమోదించింది. ఖాళీలను తప్పనిసరిగా ప్రకటించాలనే చట్టం కూడా ఆ ఏడే వచ్చి, 1960 మే 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రభుత్వ రంగ సంస్థలన్నీ, 25 మందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను నింపే ముందు ఉపాధి కార్యాలయానికి తెలియజేయాలి. తెలియజేయనివారికి తొలిసారి తప్పుకు 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1000 రూపాయల దాకా జుల్మానా.

ఆ చట్టంలోని 4వ సెక్షన్ తెలియజేయడాన్ని తప్పనిసరి చేసి, తీసుకోవడాన్ని యజమాని ఇష్టానికి వదిలివేసింది. ఖాళీ ఉందని చెప్పినంత మాత్రాన ఆ కార్యాలయం పంపినవారినే చేర్చుకోవలసిన బాధ్యత లేదని స్పష్టంగా రాసింది. ప్రైవేటు యజమానుల విషయంలో చట్టం బలహీనత అంతా ఆ వెసులుబాటులోనే ఉంది. అయినా మూడు దశాబ్దాలకు పైగా ఈ కార్యాలయానికి గౌరవం నిలిచిందంటే దానికి కారణం ప్రభుత్వ కొలువులే. ఆ కొలువులకు పేర్లు పంపే ద్వారం చాలా కాలం అదే.

కార్యాలయం పనితీరును కొంత వివరంగా చూడాలి. పోర్టల్‌తో అసలు పోలిక అక్కడే ఉంది. ఉద్యోగార్థి జిల్లా కేంద్రానికి వెళ్లి అసలు సర్టిఫికెట్లు చూపాలి. సిబ్బంది వాటిని పరిశీలించి ‘ఎక్స్-1’ అనే సూచిక కార్డు రాసి తమ వద్ద ఉంచుకుంటారు. ‘ఎక్స్-10’ అనే గుర్తింపు కార్డు అతని చేతికి ఇస్తారు. జనం నోట ‘ఎంప్లాయ్‌మెంట్ కార్డు’ అయింది ఈ రెండోదే. జాతీయ వృత్తుల వర్గీకరణ ఇచ్చిన సంఖ్య ప్రకారం సూచిక కార్డులను విభజించి పెట్టెల్లో పేర్చేవారు. ఖాళీ వచ్చినప్పుడు దాని వివరాలతో మరో కార్డు తయారవుతుంది. రెంటినీ జతపరచి, అర్హులైనవారిలో నమోదు తేదీ పాతదైనవారి పేర్లు ముందుగా పంపేవారు. కాల్ లెటర్ తపాలాలో ఇంటికి వచ్చేది.

ఆ పెట్టెలో మనిషి విలువను నిర్ణయించేది చదువుతో పాటు నిరీక్షణ. నమోదు తేదీ ఎంత వెనకటిదైతే పేరు అంత ముందుకు జరుగుతుంది. నిర్ణీత గడువులో రెన్యువల్ మరచిపోతే ఏళ్ల తరబడి కూడబెట్టిన సీనియారిటీ పోతుంది. అందుకే పదో తరగతి, ఇంటర్ పూర్తి కాగానే, పని అవసరం ఇంకా తలెత్తకముందే, పిల్లల పేర్లు నమోదు చేయించడం తెలుగు జిల్లాల్లో ఒక ఆనవాయితీగా మారింది. ఆ కార్డు భూమి పట్టాలాగా ఇంటి ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేది. వరుసలో నిలబడడం కూడా ఒక ఆస్తే అన్న భావన ఆ తరానిది.

న్యాయస్థానం తెరిచిన తలుపు

ఈ వరుసకు తొలి ప్రశ్న ఎదురైంది న్యాయస్థానాల్లో. ఆ ప్రశ్నలు ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లాయి. కేంద్ర ప్రభుత్వానికీ ఎన్. హరగోపాల్‌కూ మధ్య సాగిన వివాదంలో 1987లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు ఇచ్చారు. ఉపాధి కార్యాలయం ద్వారానే నియమించాలని 1959 చట్టం ఎవరినీ నిర్బంధించడం లేదని అందులో తేల్చారు. ప్రభుత్వం మాత్రం తన శాఖలకు అటువంటి నియమం పెట్టుకుంటే అది సమానత్వ హక్కుకు భంగం కాదన్నారు. పరిచయాల ద్వారా, సిఫార్సుల ద్వారా దొడ్డిదారి నియామకాలు జరగడం కన్నా ఒక జాబితా మేలనే ఆలోచన ఆ తీర్పుకు ప్రాణం.

తొమ్మిదేళ్లకే ఆలోచన మారింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు పరిష్కరించిన కేసు పేరు న్యాయ నివేదికల్లో ‘ఎక్సైజ్ సూపరింటెండెంట్, మల్కాపట్నం, కృష్ణా జిల్లా’ అని అచ్చయింది. మచిలీపట్నమే అచ్చుతప్పుతో మల్కాపట్నమైందని తోస్తుంది. ఆ తప్పు పేరుతోనే అది దేశమంతటా నేటికీ ఉదహరింపబడుతోంది. ఉపాధి కార్యాలయం పంపిన పేర్లకే ఎంపికను పరిమితం చేస్తే, అర్హత ఉండి కూడా పేరు రానివారికి అన్యాయం జరుగుతుందని న్యాయస్థానం అభిప్రాయపడింది. కార్యాలయానికి తెలపడంతో పాటు విస్తృత ప్రచారం గల పత్రికల్లో ప్రకటన ఇవ్వాలనీ, నోటీసు బోర్డులు, రేడియో, టెలివిజన్, ఉద్యోగ సమాచార పత్రికల ద్వారా కూడా తెలియజేసి, దరఖాస్తు చేసిన అందరినీ పరిశీలించాలనీ ఆదేశించింది.

ఈ రెండు తీర్పుల్లో ఏది న్యాయమైనదని అడిగితే జవాబు తేలిక కాదు. 1987 నాటిది వరుసను కాపాడింది. వరుసలో చేరలేనివారిని మరచిపోయింది. 1996 నాటిది తలుపు తెరిచింది. ఏళ్లుగా ఆ తలుపు ముందు కాచుకున్నవారి నిరీక్షణను విలువ లేనిదిగా చేసింది. నెల్లూరు జిల్లా పల్లెల్లో పెట్టెల్లో దాచుకున్న కార్డుల విలువ తగ్గడం ఇంటర్నెట్‌తో మొదలు కాలేదు. పోర్టళ్లు రాకముందే, ఒక న్యాయమైన కారణంతోనే, అది మొదలైంది. సాంకేతికతే పాత వ్యవస్థను కూల్చిందనే వాడుక వాదాన్ని ఈ కాలక్రమం సమర్థించదు.

తెలుపవలసిన బాధ్యత పత్రికల మీద పడ్డాక ఉద్యోగార్థి దినచర్య మారింది. 1976 నుంచి వెలువడుతున్న ‘ఎంప్లాయ్‌మెంట్ న్యూస్’ వారపత్రిక, తెలుగు దినపత్రికల్లోని ఉద్యోగ సమాచార పుటలు గ్రంథాలయాల్లో చేతులు మారి నలిగేవి. కాల్ లెటర్ ఇంటికి రావడం పోయి, ప్రకటనను వెతుక్కుంటూ మనిషి వెళ్లడం వచ్చింది.

పోర్టల్ గల్లాపెట్టె

అమెరికాలో జెఫ్ టేలర్ 1994లో మొదలుపెట్టిన ‘మాన్‌స్టర్ బోర్డు’ తొలి ఉద్యోగ వెబ్‌సైట్లలో ఒకటి. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది. 1997 మార్చిలో సంజీవ్ బిఖ్‌చందానీ ‘నౌక్రీ డాట్ కామ్’ ప్రారంభించారు. ఆయన అంతకు ముందు పనిచేసిన కార్యాలయంలో సహోద్యోగులు వ్యాపార పత్రికను వెనుక పుటల్లోని నియామక ప్రకటనలతో మొదలుపెట్టి చదివేవారట. ఉద్యోగం ఉన్నవాడు కూడా ఉద్యోగ ప్రకటన చదువుతాడన్న ఆ గమనింపు మీద ఆ వ్యాపారం నిలిచింది. పత్రికల్లో పడ్డ ప్రకటనలను ఏరి ఎక్కించడంతోనే ఆ సైటు మొదలైంది.

ఉపాధి కార్యాలయం ఊహలో ఉద్యోగార్థి అంటే పని లేనివాడు. పోర్టల్ ఊహలో అతడు చాలావరకు పని ఉన్నవాడు, ఇంకా మంచి పని కోరేవాడు. అనుభవం ఎన్నేళ్లు, ప్రస్తుత జీతం ఎంత, ఎన్ని రోజుల నోటీసుతో రాగలవు – పోర్టల్ అడిగే ఈ ప్రశ్నలన్నీ ఇప్పటికే కొలువులో ఉన్నవాడికి వేసేవే. తొలిసారి పని వెతికే గ్రామీణ పట్టభద్రుడు ఆ గళ్ల ముందు ఖాళీ చేతులతో నిలబడవలసి వచ్చింది.

2001లో మాన్‌స్టర్ భారతదేశానికి వచ్చి, తొలి దశలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసింది. 2004లో ‘జాబ్స్‌ఎహెడ్’ను కొన్నది. ఆ ఏడే ‘టైమ్స్‌జాబ్స్’, 2008లో ‘షైన్’ వచ్చాయి; ఈ రెండూ పెద్ద పత్రికా సంస్థల ఇళ్ల నుంచి పుట్టాయి. తమ పుటల్లోని ప్రకటనల రాబడి తెరమీదికి తరలిపోతున్నదని పత్రికలు గ్రహించాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. నౌక్రీ మాతృసంస్థ ‘ఇన్ఫో ఎడ్జ్’ 2006 నవంబరులో స్టాక్ మార్కెట్‌లో చేరింది. మాన్‌స్టర్ 2018లో చేతులు మారి 2022లో ‘ఫౌండిట్’గా పేరు మార్చుకున్నది. వాటాల క్రయవిక్రయాల కథ ఇంతకు మించి ఇక్కడ అనవసరం.

అవసరమైనది డబ్బు వచ్చే దారి. ఉపాధి కార్యాలయం ఖర్చు ప్రభుత్వానిది. రెండు పక్షాలూ ఉచితంగా వాడుకున్నాయి. పోర్టల్‌లో రెజ్యూమె పెట్టడం ఉచితం, దాన్ని వెతకడానికి మాత్రం నియామకదారు చందా కట్టాలి. రెజ్యూమెల భాండాగారమే అమ్మకపు సరుకు. ఉద్యోగార్థి ఆ దుకాణానికి వచ్చిన బేరగాడు కాదు, దుకాణంలో పేర్చిన సరుకులో భాగం. ఇది నింద కాదు. వ్యవస్థ నిర్మాణం అటువంటిది. డబ్బు కట్టేవాడి అవసరానికి తగినట్టే వెతికే పద్ధతి రూపొందుతుంది.

ఆ పద్ధతిలో తేదీ అర్థం తలకిందులైంది. నియామకదారు కొన్ని పదాలు ఇచ్చి వెతుకుతాడు. అనుభవం, జీతం, నగరం అనే జల్లెళ్లు పట్టిన తరువాత, అభ్యర్థి చివరిసారి ఎప్పుడు చురుకుగా ఉన్నాడన్నది చూస్తాడు. ఈ నెలలో వివరాలు సవరించినవాడు పైకి వస్తాడు. రెండేళ్ల కిందట పెట్టి వదిలేసినవాడు అడుగున పడతాడు. ఉపాధి కార్యాలయంలో పాత తేదీ బలం, పోర్టల్‌లో పాత తేదీ మరకం. మునుపు మూడేళ్లో అయిదేళ్లో ఓపిక పట్టినవాడికి దక్కిన ముందుచూపు ఇప్పుడు రోజూ తట్టి లేపేవాడికి దక్కుతోంది. రెజ్యూమెలో మార్పేమీ లేకున్నా ఒక పదం చెరిపి మళ్లీ రాయమని శిక్షణ కేంద్రాల్లో చెప్పే కిటుకు ఈ కొత్త నియమం నుంచి పుట్టినదే. దానికి తోడు, తమ వివరాలు నియామకదారు కంట ముందుగా పడేలా చేసే సేవలను ఉద్యోగార్థులకూ అమ్మడం మొదలైంది.

నియామకదారు వైపు నుంచి కూడా ఇది పూర్తి లాభం కాదు. ఉపాధి కార్యాలయం పంపిన జాబితా చిన్నది, నిదానంగా వచ్చేది, కోరిన నైపుణ్యానికి తరచుగా దూరంగా ఉండేది. అయితే ఆ జాబితాలోని ప్రతివాడి సర్టిఫికెట్‌నూ ఒక ప్రభుత్వోద్యోగి కళ్లారా చూసి ఉంటాడు. పోర్టల్ నిమిషంలో వేల పేర్లు ఇస్తుంది. వాటిలో ఏది నిజమో చెప్పదు. అబద్ధపు అనుభవ పత్రాలను పట్టుకోవడానికి పూర్వాపరాల పరిశీలన అనే ప్రత్యేక వ్యాపారమే పుట్టవలసి వచ్చింది. వెల్లువెత్తిన దరఖాస్తులను మనుషులు చదవలేక, యంత్రం చేత చదివించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మాటల వేటలో దొరకని అర్హుడు అక్కడే రాలిపోతాడు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో, అంటే నౌక్రీ పుట్టిన ఏడే, 181వ ఒడంబడికను రూపొందించింది. ప్రైవేటు ఉపాధి సంస్థలు పని కోరేవారి వద్ద నేరుగా గాని పరోక్షంగా గాని రుసుము తీసుకోరాదన్నది అందులోని ప్రధాన సూత్రం. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. ఉద్యోగార్థులకు అమ్మే ‘ప్రత్యేక’ సేవలు మొదలుకొని ముందుగా డిపాజిట్ అడిగే నకిలీ కన్సల్టెన్సీల దాకా విస్తరించిన ప్రాంతమంతా ఈ లోటు నీడలోనే ఉంది. చట్టబద్ధమైన సేవనూ మోసాన్నీ ఒకే గాట కట్టడం తగదు. కాని పని కోసం పని లేనివాడే డబ్బు చెల్లించడం సహజమన్న అలవాటు మొదటిదాని వల్ల బలపడితే, ఆ అలవాటు మీద రెండోది బతుకుతుంది.

పేరు, ఊరు, భాష

రూపంలో చిన్నవిగా కనబడే కొన్ని అడ్డంకులు ఫలితంలో పెద్దవి. తెలుగువారి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పేరు తరువాత ఉంటుంది. పోర్టల్ ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని అడుగుతుంది. ఇంటిపేరును మొదటి పేరుగా రాస్తే సర్టిఫికెట్‌తో సరిపోతుంది, మనిషిని పిలిచే పేరు మారిపోతుంది. తిప్పి రాస్తే పరిశీలనలో రెండు పత్రాల మధ్య తేడా వస్తుంది. ఉపాధి కార్యాలయపు గుమాస్తాకు ఈ చిక్కు లేదు. అతడిదీ అటువంటి పేరే.

ఊరి సంగతి మరింత లోతైనది. ఉపాధి కార్యాలయం జిల్లా ప్రాతిపదిక మీద పనిచేసింది. 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు ప్రభుత్వ కొలువుల్లో స్థానికతకు జిల్లా, జోన్ హద్దులు గీశాయి. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు మూడవ జోన్‌గా ఏర్పడ్డాయి. ఆ లెక్కలో సంగం నివాసికి తన ఊరు ఒక అర్హత. నగరాన్ని ప్రమాణంగా తీసుకునే పోర్టల్ జల్లెడలో అదే ఊరు ఒక దూరం. చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటున్నట్టు రాసుకుంటే తప్ప ఆ నగరాల నియామకదారుకు అతడు కనబడడు. ఇంకా వెళ్లని నగరాన్ని తన చిరునామాగా రాయడం నేర్చుకోవడంతోనే చాలామంది వలస మొదలవుతుంది.

భాష విషయంలో మొదటి తరం పోర్టళ్లు ఇంగ్లీషు తప్ప మరొకటి ఎరుగవు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌక అయ్యాకనే చదువు తక్కువగా ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని, భారతీయ భాషల్లో పనిచేసే యాప్‌లకు అవకాశం కలిగింది. 2019లో వచ్చిన ‘అప్నా’ అటువంటిది. అంతకు ముందు 2007లోనే బెంగళూరులో మొదలైన ‘బాబాజాబ్’ ఇంటిపనివారికీ డ్రైవర్లకూ పని చూపాలని ప్రయత్నించి, 2017లో ‘క్వికర్’లో కలిసిపోయింది. ఆలోచన సరైనదే, ఫోన్లు, డేటా ఆ మనుషుల చేతికి అందకముందే అది వచ్చింది.

చట్టం వదిలివేసిన పొలం

ఇంతవరకూ చెప్పినదంతా సర్టిఫికెట్ ఉన్నవారి కథ. పెన్నా డెల్టాలో అధిక సంఖ్యాకుల పని వరి పొలంలోనిది. 1959 చట్టం 3వ సెక్షన్ ప్రైవేటు రంగంలోని వ్యవసాయాన్ని, వ్యవసాయ యంత్రాలు నడిపేవారిని మినహాయించి, తన పరిధిలోంచి తొలగించింది. ఇంటి పనిని తొలగించింది. మూడు నెలల లోపు ముగిసే పనిని, నెలకు 60 రూపాయల లోపు జీతం గల పనిని తొలగించింది. ఈ నాలుగు తొలగింపులనూ కలిపి చూస్తే ఆనాటి సంగం వంటి ఊళ్లలోని పని చాలావరకు అందులో ఇమిడిపోతుంది. ట్రాక్టరు నడిపేవాడు చట్టం కంటికి కనబడ్డాడు, నాట్లు వేసే మనిషి కనబడలేదు.

ఆ ఖాళీని మేస్త్రీ నింపాడు. నాట్లకూ కోతలకూ ముఠాలను కుదర్చడం, ముందుగా అడ్వాన్సు ఇవ్వడం, కూలి పంచడం అతని పని. అతని జాబితా నోటిమాటలో ఉంటుంది. తేదీ గాని, రెజ్యూమె గాని అక్కరలేదు. బంధుత్వం, వాడ, గత సీజనులో పనితీరు, ముఖ్యంగా తీరని అప్పు – ఇవే అతని ప్రమాణాలు. ఎవరిని ముందు పిలవాలన్న ప్రశ్నకు అతని దగ్గర తడుముకోని జవాబు ఉంటుంది: ఎవరు బాకీ ఉన్నారో వారిని. ఈ బాకీ ముదిరినప్పుడు అది వెట్టిగా మారుతుంది. నెల్లూరు జిల్లాకు ప్రత్యేకంగా సంబంధించిన యానాదుల చరిత్రలో ఇది పదేపదే కనబడుతుంది. వారి అభ్యున్నతికి జీవితాన్ని వెచ్చించి, వారి గురించి గ్రంథం రాసిన వెన్నెలకంటి రాఘవయ్య కృషిని ఈ సందర్భంలో స్మరించడం న్యాయం. గుర్తింపు పత్రాలే లేని కుటుంబాలకు ఏ కార్యాలయపు పెట్టెలోనూ, ఏ పోర్టల్‌లోనూ చోటుండదు.

ఈ పొలంలోకి చట్టం తొలిసారి అడుగు పెట్టింది 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంతో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఈ పథకం రెండో విడతలో, 2007లో, నెల్లూరు జిల్లాకు వచ్చింది. దాన్ని ఉద్యోగ పోర్టళ్లతో ఎవరూ పోల్చరు. నిజానికి పోల్చవలసినది దానినే. ఆంధ్రప్రదేశ్‌లో మస్టర్లు, చెల్లింపులు టీసీఎస్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ మీద నడిచాయి; అడిగిన పని, చేసిన పని, అందిన కూలి కంప్యూటర్‌లో నమోదయ్యాయి. ఎంప్లాయ్‌మెంట్ కార్డు పని ఇస్తానని చెప్పలేదు. రెజ్యూమె తీసుకున్న పోర్టల్ అసలే చెప్పలేదు. జాబ్ కార్డు ఉన్న కుటుంబం పని అడిగితే 15 రోజుల్లో చూపాలనీ, లేకుంటే నిరుద్యోగ భృతి ఇవ్వాలనీ ఈ చట్టం నిర్దేశించింది. భృతి దక్కినవారు అరుదు. అయినా నమోదు అనే చర్యకు ఎదుటి పక్షం మీద బాధ్యత మోపిన ఏకైక కార్డు ఇదే.

విచిత్రమేమంటే ఆ కార్డు ఇచ్చినది మట్టి పని. చదువుకున్న నిరుద్యోగికి అటువంటి హామీ ఏ చట్టమూ ఇవ్వలేదు. డిగ్రీ సర్టిఫికెట్ ఉండి కూడా తల్లిదండ్రుల జాబ్ కార్డు మీద పనికి వెళ్లే యువకుడి స్థితి ఈ రెండు వ్యవస్థల మధ్య ఖాళీలోనిది.

ప్రభుత్వ పోర్టళ్లు, స్థానికత

2015 జూలై 20న కేంద్ర ప్రభుత్వం జాతీయ కెరీర్ సర్వీసు పోర్టల్‌ను ప్రారంభించింది. ఉపాధి కార్యాలయాలను దానితో అనుసంధించడం, రెండు పక్షాలకూ ఉచితంగా సేవలందించడం లక్ష్యాలు. గల్లాపెట్టె లేని పోర్టల్ అన్నమాట. ప్రైవేటు పోర్టల్‌కు నియామకదారు చందా కడతాడు గనుక దాన్ని వాడతాడు. ఉచితమైనదాన్ని తెరిచి చూడడానికి అతనికి అటువంటి ఒత్తిడి లేదు. పాత కార్యాలయానికి ప్రభుత్వ కొలువుల ద్వారం కావడం వల్ల వచ్చిన బలం కూడా ఈ పోర్టల్‌కు లేదు. రాష్ట్రంలో 2014 చివర ఏర్పడిన నైపుణ్యాభివృద్ధి సంస్థ శిక్షణతో పాటు జాబ్ మేళాల దారి పట్టింది. కోరినవారినీ ఇచ్చేవారినీ ఒకే ప్రాంగణంలో ఎదురెదురుగా కూర్చోబెట్టే మేళా, చూడబోతే, తెర మీది పోర్టల్ కన్నా పాత సంతకు దగ్గర.

ప్రభుత్వ కొలువు మీది ఆశ ఎంత బలమైనదో 2019లో తెలిసింది. గ్రామ, వార్డు సచివాలయాల్లో సుమారు 1.26 లక్షల పోస్టులకు ఆన్‌లైన్‌లో దరఖాస్తులు పిలవగా 21 లక్షలకు పైగా వచ్చాయి. ఒక్కో పోస్టుకు సగటున 17 మంది. పల్లెల్లోని నెట్ సెంటర్ల ముందు నిలిచిన ఆ వరుసలు ప్రైవేటు పోర్టళ్లు ఏళ్ల తరబడి పిలిచినా ఈ ప్రాంతంలో ఏర్పడలేదు. పోర్టల్ అంటే గ్రామీణ యువతకు విముఖత ఉందనే మాటను ఈ లెక్క తోసిపుచ్చుతుంది. తెర వెనుక నిజమైన, దగ్గరలోని, స్థిరమైన కొలువు ఉందని నమ్మితే వారు తెరను వెతుక్కుంటూ వెళ్లారు.

ఆ ఏడాది జూలైలోనే శాసనసభ మరో చట్టం చేసింది. రాష్ట్రంలోని పరిశ్రమలు 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలనీ, తగిన నైపుణ్యం గలవారు దొరక్కపోతే ప్రభుత్వ సహకారంతో శిక్షణ ఇచ్చి తీసుకోవాలనీ దాని సారాంశం. అప్పుడు పరిశ్రమల మంత్రిగా ఉన్నది ఆత్మకూరు శాసనసభ్యుడు మేకపాటి గౌతమ్‌రెడ్డి. సంగం ఆ నియోజకవర్గంలోనిదే. నేడు అక్కడి బ్యారేజికి ఉన్నది ఆయన పేరే. శ్రీసిటీ, తడ సమీపంలోని మాంబట్టు, కృష్ణపట్నం వంటి చోట్ల పరిశ్రమలు వచ్చిన ఈ తీరంలో ఆ చట్టం ఆశలు రేపడం సహజం. పోర్టల్ దూరంగా లెక్కించిన ఊరిని మళ్లీ అర్హతగా మార్చాలన్న ప్రయత్నమది. న్యాయస్థానంలో దానికి సవాలు ఎదురైంది. హర్యానా చేసిన ఇటువంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టివేసింది.

2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 1959 చట్టాన్ని తనలో కలుపుకున్నది. 2025 నవంబరు 21న కార్మిక కోడ్‌లు అమలులోకి రావడంతో ‘ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి’ అనే మాట చట్టం నుంచి తప్పుకొని ‘కెరీర్ సెంటర్’ అనే మాట వచ్చింది. ఖాళీలను తెలియజేయాలన్న నియమం ఉంది. తెలియజేసినంత మాత్రాన ఆ కేంద్రం ద్వారానే ఎవరినైనా చేర్చుకోవలసిన బాధ్యత యజమానికి లేదన్న పాత 4వ సెక్షన్ వాక్యం కూడా, ‘ఎక్స్ఛేంజి’ స్థానంలో ‘సెంటర్’ చేరడం మినహా దాదాపు అదే రూపంలో, కొత్త కోడ్‌లో చోటు చేసుకున్నది.